లెక్కలోకి రాని చుట్టు

సోమవారానికి కొట్టు ఖాళీ చెయ్యాలి. గురువారం పొద్దున్నే దుర్గాంబ ఆ పని మొదలుపెట్టింది. గోడకు వేలాడుతున్న ఫ్యాను రెక్కల్ని ఒక్కొక్కటే దించి, తడిగుడ్డతో తుడిచి, బియ్యం సంచిలోకి సర్దుతోంది. ఒకే రెక్కను మూడోసారి తుడుస్తున్నానని ఆమెకు చాలాసేపటికి గాని తెలియలేదు. తెలిశాక కూడా ఆపలేదు. తుడవడం పూర్తి చేసి సంచిలో పెట్టింది.

మరిది మంగరాజు అన్నీ మాట్లాడేశాడు. కొట్టు అతని పేరు మీదే ఉంది. బర్మాలో పెద్ద ఊరికి వంతెన ఇవతలున్న ఈ తాకేటాలో కరెంటు రోజుకు నాలుగు గంటలు వస్తే గొప్ప. ఇక ఫ్యాన్లు బాగు చేయించుకునేదెవరు? అందరికీ కావలసింది బ్యాటరీలూ, సోలారు పలకలూను. అందుకని సోమవారం నుంచి ఇది బ్యాటరీల కొట్టు. ఇకమీదట దుర్గాంబ ఊరికి ఆ చివర మింగళాడోన్‌లో మంగరాజు ఇంట్లో ఉంటుంది. తీగ చుట్టే మిషనూ, ఏ కాయిలుకు ఎన్ని చుట్లో పోయిన అన్నయ్య రాసుకున్న పుస్తకమూ ఊళ్లో గిటార్ల కొట్టు మూర్తిగారు పట్టుకెళ్తారు. "సుట్టే మనిషే పోయాక మిషనెందుకు వదినా" అన్నాడు మంగరాజు. అతను మంచివాడే. ఆ మాట అంటుంటే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. దుర్గాంబ "సరే" అంది. ఈ ఐదు నెలలుగా ఎవరేమన్నా ఆవిడ సరే అనే అంటోంది.

భర్త జగదీశ్వరరావు పోయిననాడు కూడా ఆమె ఏడవలేదు. చుట్టుపక్కల ఆడవాళ్లు చూసి, ఇంత గుండె నిబ్బరం ఏటమ్మా అని ముక్కున వేలేసుకున్నారు. నిబ్బరమూ లేదు, పాడూ లేదు. పంటి డాక్టరు సూది వేశాక బుగ్గ ఎలా ఉంటుందో మనిషంతా అలా ఉంది. టీ వేడిగా ఉందో చల్లారిందో తాగాక చెప్పమంటే చెప్పలేదు.

తాకేటాలో జగదీశ్వరరావుకు రెండు పేర్లుండేవి. ఆయన కొట్లో చుట్టించిన ఫ్యాను బద్ధకంగా తిరుగుతుంది గాని చచ్చినా కాలిపోదు అనేది మొదటిది. రెండోది గిటార్లది. గిటారు తీగల కింద ఉండి, వాటి కదలికను స్పీకరుకు పంపే కాయిలు ఒకటుంటుంది. వాయించేవాళ్లు దాన్ని పికప్పు అంటారు. అది చుట్టించుకోవడానికి ఊళ్లోంచి వంతెన దాటి బస్సుల మీద వచ్చేవాళ్లు. గోడ మీద అప్పటి ఫొటో ఒకటుంది. ఆయన, పక్కన ఇద్దరు గిటారు వాళ్లు నవ్వుతున్నారు. ఫొటో అంచున ఒక మోచెయ్యి, రెండు గాజులు. ఆ మోచెయ్యి దుర్గాంబది. అయస్కాంతాలు బిగించడం, టంకం వెయ్యడం, మీటరు పెట్టి చూడడం, పుస్తకంలో రాయడం, వచ్చినవాళ్లతో కబుర్లు చెప్పడం ఆయన పని. తీగ చుట్టడం ఆవిడ పని. ఇరవై రెండేళ్లు తెర వెనక కూర్చుని చుట్టింది. అందులో దాపరికమేమీ లేదు, ఎవరూ అడగలేదంతే. ఫొటో దించి, దాన్ని కూడా తుడిచి, రెక్కల మధ్య బోర్లా పెట్టింది.

"సయా ఉన్నారా?"

ఇక్కడ మేస్త్రీలనూ పంతుళ్లనూ సయా అనే పిలుస్తారు. గుమ్మంలో ఒక మనిషి, భుజాన గిటారు సంచి. లుంగీ అంచు వాన బురదతో తడిసి ఉంది.

"లేరు బాబూ. పోయి ఐదు నెల్లయింది."

అతను బర్మా భాషలో ఏదో గొణిగి, ఆ తర్వాత తెలుగు వెతుక్కున్నాడు. "తెలీదు ఆంటీ. నాకెవరూ సెప్పలేదు." ఎవరూ కూర్చోమనకుండానే రెక్కల సంచి పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. పేరు కృష్ణకుమార్ అన్నాడు. ఇల్లు వంతెన అవతల పజౌండౌంగ్‌లో. గిటారు వాళ్ల మావయ్యది. దాని మెడ దగ్గరి కాయిలు పదేళ్ల కిందట సయా చేసిచ్చిందే. మొన్నటి వానకు ఇంట్లోకి నీళ్లొచ్చి అది చచ్చిపోయింది.

"ఆదివారం మధ్యాన్నం చెరువు పక్క రెస్టారెంటులో వాయించాల. బాగుంటే వారం వారం రమ్మంటారు. మా బేండులో అయిదుగురం ఉండేవోళ్లం, ఇప్పుడు ముగ్గురం. మిగతావోళ్లు కుర్రోళ్లు, మిలట్రీలోకి పట్టుకుపోతారని బోర్డరు దాటి ఎల్లిపోయారు. నాకు ముప్పై ఆరు నిండినాయి, ఈ వయసోళ్లని పట్టుకోరు కాబట్టి ఉన్నాను. మాది రెగే మ్యూజిక్కు. తెలుసా ఆంటీ?"

దుర్గాంబ తెలియదని తలూపింది. చెప్పమనలేదు, వద్దనీ అనలేదు. అతను సంచిలోంచి గిటారు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"డ్రమ్మూ బేసూ నడుస్తా ఉంటాయి. మనం వాటి మీద పడకూడదు. వాటి మధ్య ఖాళీ ఉంటది సూడండి, ఆ ఖాళీలో పడాల. చక్. పడి ఎంటనే ఆగిపోవాల." కుడిచేత్తో మీటి, ఎడమచేతి వేళ్లు తీగల మీంచి అలా పైకి తేల్చాడు. స్పీకరు లేకపోయినా ఆ చిన్న చప్పుడు గదిలో వినబడింది. "పొడిగా ఉండాల, గుండ్రంగా ఉండాల. చెవిలో గుచ్చకూడదు. పాత కాయిలు అలాగే ఉండేది. ఇప్పుడు ఇయ్యి సూడండి."

జేబులోంచి మూడు కాయిళ్లు తీసి, చచ్చిపోయిన పాతదాన్ని బల్ల మీద పెట్టి, మిగతా రెండూ చూపించాడు. ఒకటి బయటి దేశం సరుకు, రెండు కాయిళ్లను ఒకదాని చోట్లో ఇరికించింది. జనరేటరు మీద వాయించినా గుయ్‌మనదు, కానీ చక్ అనాల్సిన చోట ముద్ద పడినట్టుంటుంది. రెండోది మూర్తిగారి కొట్లో మోటారు మిషను మీద చుట్టింది. మూర్తిగారు సయా పుస్తకంలో ఒక పేజీ ఫొటో తీసుకున్నారట, దాని ప్రకారమే ఎనిమిది వేల చుట్లు చుట్టించారట.

"అంతా అదే, ఆంటీ. తీగ అదే, అయస్కాంతం అదే, లెక్క అదే. కానీ ఇది సూదిలా గుచ్చుతాది. సయా చెయ్యి పడితే గాని కాదు అనుకుని వచ్చినాను." లేచి నిలబడ్డాడు. "సరే. నా రాత అలా ఉంది."

చచ్చిపోయిన పాత కాయిలు బల్ల మీద ఉండిపోయింది. దుర్గాంబ దాన్ని చేతిలోకి తీసుకుని, ఊరికే, నల్ల టేపు చివర గోటితో లేపింది. టేపు కింద పసుపు రంగు దారం, ఏడు వరసలు, చివర ముడి లేకుండా లోపలికి దూర్చి ఉంది. మాంగల్యానికి వాడే దారపు ఉండలోంచే ఆమె ఎప్పుడూ ఈ దారం తీసేది, వేరే కొనడం ఎందుకని. ముడి వెయ్యకుండా దూర్చడం ఆమె చేతి వాటం.

"ఇక్కడ ఒగ్గెయ్యి. గిటారు పట్టుకెల్లు, ఎల్లుండి తీసుకురా" అంది.

"ఎవరు సుడతారు?"

"సుట్టేవోలు సుడతారు. నువ్వు రా."

ఎందుకలా అన్నదో ఆవిడకే తెలియదు. సరే అనడం అలవాటైపోయి, కాసేపటికి దానితో కూడా విసుగు పుట్టిందేమో.

శుక్రవారం మిషను కట్లు విప్పింది. పాత కుట్టుమిషను చక్రాన్ని చెక్కకు బిగించి జగదీశ్వరరావు చేసిన మిషను అది. పిడి పట్టుకుని పెద్ద చక్రం ఒకసారి తిప్పితే కాయిలు పదిసార్లు తిరుగుతుంది. కరెంటుతో పని లేదు. ఆయన అయస్కాంతాలు బిగించి ఉంచిన ఖాళీ చట్రాల్లో ఒకటి దానికి తగిలించి, తెర ఇంకా తియ్యలేదు కాబట్టి దుర్గాంబ తన పాత చోట్లోనే కూర్చుంది. ఎదురుగా తీగ ఉండ, పక్కన సత్తు గిన్నె, ఇంకో పక్క డబ్బాలో చింతగింజలు. పుస్తకం తీసి చూసింది. ప్రతి పేజీలో ఆయన గుండ్రటి అక్షరాలు: గిటారు ఎవరిది, ఏ తీగ, ఎన్ని చుట్లు. మెడ దగ్గరిదైతే ఎప్పుడూ ఎనిమిది వేలే.

ఆ తీగ తలవెంట్రుక కంటే సన్నం. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్ని ముక్క పెట్టి, అందులోంచి తీగను పోనివ్వాలి. గట్టిగా పట్టుకుంటే తెగుతుంది, వదులైతే కుప్ప పడుతుంది. ఎంత పట్టాలన్నది వేళ్లకు తెలియాలి. ఆమె వేళ్లకు ఏమీ తెలియలేదు. ముప్పై గింజలు గిన్నెలో పడేసరికి తీగ తెగింది. తెగిన సంగతి కూడా మరో రెండు చుట్లు తిప్పాక గాని కనిపెట్టలేదు. తీగంతా కోసేసి మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి యాభై రెండు గింజల దగ్గర తెగింది.

"ఛీ" అంది దుర్గాంబ పైకే.

ఆ కోపం ఆమెకే కొత్తగా అనిపించింది. చాలా రోజుల తర్వాత ఎవరో దూరపు చుట్టం గుమ్మంలోకి వచ్చినట్టు, కాసేపు దాన్ని చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి చేతులు సబ్బుతో కడుక్కుని, వేళ్లు చెంపల మీద ఇక్కడి ఆడవాళ్లలాగే పూసుకున్న తనఖా చెక్క గంధానికి తగలకుండా, వాళ్లలాగే కట్టిన లుంగీకి తుడుచుకుని, మూడోసారి కూర్చుంది.

లాభం, ఒకటి, రెండు, మూడు. పెదవులు కదులుతున్నాయి గాని మాట పైకి రావడం లేదు. పది దాకా అని, ఒక గింజ గిన్నెలో వేసింది. మళ్లీ లాభం, ఒకటి, రెండు. వాళ్ల నాన్న అచ్చెన్న ట్వంటే రేవులో ధాన్యం కొలిచేటప్పుడు వేసిన లెక్క ఇది. ఒక గింజకు వంద చుట్లు, ఎనభై గింజలకు ఎనిమిది వేలు. పదిహేను గింజల దగ్గర తీగ ఉన్నిలోంచి జారడం వేలికి తెలిసింది. ఇరవై దగ్గర అయస్కాంతం మూల దాటినప్పుడల్లా చిన్నగా తగలడం తెలిసింది. అప్పటినుంచి ఇక ఆగలేదు.

ఎనభయ్యో గింజ పడ్డాక దారం కోసం సొరుగు లాగింది. పసుపు దారపు ఉండ అక్కడే ఉంది. మంగళసూత్రం తీసేసిన రోజు నుంచి ఆమె దాన్ని తాకలేదు. కాసేపు చూసి, తీసి, ఏడు వరసలు చుట్టి చివర లోపలికి దూర్చింది. కరెంటు లేదు, బొగ్గుల కుంపటి మీద రాగి కడ్డీ కాల్చి టంకం తనే వేసింది. ఆయన వేసినంత నున్నగా రాలేదు.

మైనంలో ముంచి తీస్తుండగా మంగరాజు క్యారేజీతో వచ్చాడు. "ఇదేటి వదినా, కట్టిన మిషను మళ్లీ ఇప్పినావు?"

"ఒక కాయిలు ఉండిపోనాది."

"అన్నయ్య సగంలో ఒగ్గేసినాడా?"

దుర్గాంబ నోరు తెరిచింది. "ఊఁ" అంది. మంగరాజు క్యారేజీ బల్ల మీద పెట్టి, ఆ కాయిలును రెండు చేతులతో ఎత్తి చూసి, కళ్లకద్దుకున్నాడు. "అన్నయ్య ఆకరి పని" అన్నాడు. అతను వెళ్లిపోయాక ఆవిడ అన్నం పెట్టుకుని, రెండు ముద్దలు తిని మూత పెట్టేసింది.

శనివారం పదింటికి కృష్ణకుమార్ వచ్చాడు. టిఫిన్ డబ్బా అంత స్పీకరు ఒకటి తెచ్చాడు, బ్యాటరీ మీద పనిచేసేది. నేల మీద తువ్వాలు పరిచి, తీగలు వదులు చేసి, గిటారు ముందు పలక విప్పి, మూడు కాయిళ్లూ ఒక్కొక్కటే బిగించి వినిపించాడు. ప్రతిదానికీ అదే తాళం, అవే నాలుగు దెబ్బలు. మొదట బయటి దేశం సరుకు. పక్క మిల్లులో జనరేటరు నడుస్తోంది, అయినా స్పీకరులో నిశ్శబ్దం. కానీ దెబ్బ పడ్డాక దాని తోక ఇంకా ఎక్కడో ఉండిపోయింది. తర్వాత మూర్తిగారిది. దెబ్బ తేటగా పడింది, అంతే తేటగా చెవిలో గుచ్చింది. కృష్ణకుమార్ బొత్తాం తిప్పి ఆ పదును తగ్గించబోతే దెబ్బే మాయమైపోయింది.

మూడోది బిగించడానికి అతను చాలాసేపు తీసుకున్నాడు. రెండు చివర్ల మరలనూ అర చుట్టు అర చుట్టు తిప్పుతూ తీగలకు దగ్గర చేశాడు, దూరం చేశాడు. తర్వాత మీటాడు.

చక్. పడింది, ఆగింది. మళ్లీ ఖాళీ, మళ్లీ చక్. రామభజనలో గుండ్రటి తాళాలు దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎదురు పలికేటప్పుడు దుర్గాంబ అరచెయ్యి తొడ మీద ఎలా కదిలేదో, ఇప్పుడూ అలాగే కదిలింది. ఆవిడ చెయ్యి వంక ఆవిడే చూసుకుంది.

జనరేటరు నడుస్తుంటే ఇదీ మూర్తిగారిదిలాగే గుయ్‌మంటోంది. కృష్ణకుమార్ స్టూలు మీద కూర్చునే కొంచెం పక్కకు తిరిగాడు, ఆ రొద సగం పోయింది. "అలా తిరిగి వాయిస్తాను, పర్లేదు. ఇదే కావాలాంటీ నాకు. ఇదే." అతని ముఖమంతా నవ్వు. "సయా చేసి దాచిపెట్టినాడా దీన్ని?"

"కాదు. నాను సుట్టినాను. నిన్న."

అతను నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగాడు. "మరి పాతది?"

"అదీ నానే. ఇరవై రెండేళ్లబట్టి అన్నీ నానే."

ఎవరికైనా ఈ మాట చెప్పడం ఆమెకు ఇదే మొదలు. చెప్పాక ఏదో జరుగుతుందనుకుంది. కృష్ణకుమార్ మాత్రం తల గోక్కుంటూ ఇంకేదో ఆలోచిస్తున్నాడు. "అయితే మూర్తిగారు తీసుకున్న లెక్క మీదే కదా. అదే లెక్కకి ఆయనది అలాగెందుకుంది?" గిటారు సంచిలోంచి, తీగ ఎక్కువైతే ఎక్కువ అంకె చూపించే చిన్న మీటరు తీసి కాయిళ్ల చివర్లకు తగిలించాడు. మూర్తిగారిది ఆరు చూపించింది. దుర్గాంబది ఆరు పాయింటు ఆరు. "చుట్లు ఎక్కువున్నాయి, ఆంటీ. పదో వంతు."

"నీ మీటరు పాడైంది బాబూ. మా ఆయన ఎప్పుడూ అనేవోడు, మీటర్లన్నీ ఎక్కువే సూపిత్తాయని. ఉండు." బల్ల అడుగు సొరుగు లాగింది. మూడు పాత మీటర్లు, ఒకదాని కంటే ఒకటి కొత్తవి. ప్రతిదాని వెనకా కాగితం అతికించి ఉంది. మొదటి దాని మీద 'ఎక్కువ చూపిస్తోంది' అని ఉంది. రెండోదాని మీద 'ఇదీ అంతే'. మూడోదాని మీద 'మీటర్లన్నీ ఒకటే'.

కృష్ణకుమార్ మూడింటికీ తన జేబులోని బ్యాటరీ వేసి చూశాడు. మూడూ బాగానే ఉన్నాయి. నాలుగు మీటర్లూ ఒకటే మాట చెప్పాయి. అతను "మళ్లీ ఒకటి మొదలెట్టండి, నేను కూడా లెక్కపెడతాను" అన్నాడు. పాత కాగితం, పెన్సిలు పట్టుకుని తెర పక్కన కూర్చున్నాడు. అతను బర్మా భాషలో లెక్కపెడుతున్నాడు, పది తిప్పులకు ఒక గీత. ఆవిడ పది గింజలు వేసేసరికి అతని కాగితం మీద పదకొండు గీతలున్నాయి.

"నువ్వు తప్పినావు" అంది దుర్గాంబ.

"కాదాంటీ. మళ్లీ. ఈసారి పైకి అనండి."

ఆవిడకు కోపం వచ్చింది. పైకి గట్టిగానే అంది. "లాబం, ఒకటి, రెండు, మూడు..."

"ఆగండి. లాబం ఏటి?"

లాభం అంటే ఏమిటని అడిగే తెలుగువాణ్ణి చూస్తానని ఆమె కలలో కూడా అనుకోలేదు. కొలిచేవాళ్లు ఎవరైనా ఒకటి అనకుండా లాభం అంటారని చెప్పింది. దాని తర్వాత రెండు కదా అన్నాడతను గుర్తు తెచ్చుకుని, మా మామ్మ అలాగే అనేది. కాదంది దుర్గాంబ. అందరికీ అలాగేమో, ట్వంటే రేవులో మా నాన్న లెక్క అలా కాదు. మొదటి కుంచం కొన్నవాడి సంచిలోకి ఊరికే పోతుంది. అది లాభం. ఆ తర్వాత ఒకటి.

"అయితే అది ఒకటి ఎక్కువే కదా."

"అది లెక్కలోకి రాదు బాబూ" అంది, పెద్దరికంగా. అని, పిడి మీద చెయ్యి అలాగే ఉంచి ఆగిపోయింది.

పదికి పదకొండు. ఎనిమిది వేలకు ఎనిమిది వేల ఎనిమిది వందలు. ఇరవై రెండేళ్లు, ప్రతి కాయిలుకూ, ప్రతి ఫ్యానుకూ. ఫ్యాను అనుకోగానే ఆమెకు నవ్వొచ్చింది. చుట్లు ఎక్కువైతే ఫ్యాను నెమ్మదిస్తుంది, వేడెక్కదు, కాలదు. "మా ఫేన్లు అందుకేటి రా బద్దకంగా తిరిగేది" అంది. తాకేటా సగానికి చెమట పట్టించింది తనే అన్నమాట. కృష్ణకుమార్ కూడా పగలబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ దుర్గాంబ చేతిలో ఉన్న మూడో మీటరు వెనక కాగితం మళ్లీ చదివింది.

పెళ్లయిన కొత్తలో ఆయన ఒక్కసారి అడిగాడు, లెక్క సరిగ్గా పెట్టినావా అని. మా నాన్న లెక్కని తప్పంటావేటి అని రెండు రోజులు మాట్లాడలేదు తను. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ అడగలేదు. మీటర్లు కొన్నాడు.

"నన్ను అనుమానించలేదు బాబూ" అంది. "మూడు మీటర్లని అనుమానించినాడు గాని నన్ను అనుమానించలేదు." కన్నీళ్లు కాగితం మీద పడి సిరా కరిగింది. ఆమె దాన్ని తుడవబోతే ఇంకా అలుక్కుపోయింది. "అంత నమ్మినోడు నా పేరు ఒక్కసారి సెప్పొచ్చు గదా. ఒక్కడికైనా సెప్పొచ్చు గదా." ఐదు నెలలుగా రానిదంతా ఇప్పుడు వచ్చింది, ప్రేమా కోపమూ కలిసే వచ్చాయి. కృష్ణకుమార్ లేచి బయటికి వెళ్లి, ఎదురు కొట్లోంచి టీ తెచ్చి పెట్టాడు. ఆమె ఒక గుక్క తాగి, నాలిక చురుక్కుమంటే వెంటనే గ్లాసు దించేసింది.

ఆదివారం కృష్ణకుమార్ వాయించాడు. దుర్గాంబ వెళ్లలేదు, సంచిలో సర్దిన రెక్కలన్నీ మళ్లీ గోడకెక్కించింది. సోమవారం పొద్దున్నే అతను వచ్చి, వచ్చే ఆదివారం కూడా రమ్మన్నారని చెప్పి, తన స్నేహితులవి రెండు గిటార్లు బల్ల మీద పెట్టి వెళ్లాడు. వాటి తీగలకు చీటీలు కట్టి ఉన్నాయి. చీటీల మీద బర్మా అక్షరాల్లో 'డో దుర్గాంబ' అని ఉంది, ఇక్కడ గౌరవంగల పెద్దావిడల పేరుకు ముందు డో చేర్చి రాసినట్టుగా.

పదకొండింటికి మంగరాజు, మూర్తిగారూ కలిసి వచ్చారు. మూర్తిగారిది కోస్తా నుంచి వచ్చి మూడు తరాలుగా ఊళ్లో వ్యాపారం చేస్తున్న కుటుంబం. మాట నెమ్మది. బయట బండి మీద బ్యాటరీ పెట్టెలున్నాయి. గోడ మీది రెక్కలు చూసి మంగరాజు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

దుర్గాంబ పుస్తకాన్ని శుభ్రమైన గుడ్డలో చుట్టి మూర్తిగారి చేతికిచ్చింది. ఆయన దాన్ని చెప్పులు విడిచి అందుకున్నాడు. "జగదీశ్వరరావు గారు గొప్ప పనివాడమ్మా. ఆయన పేరు పోనివ్వను. 'జగదీశ్ కాయిల్' అనే అమ్ముతాను."

"సుట్టింది నానండి" అంది దుర్గాంబ.

"తెలుసమ్మా. మీరు చేతి సాయం చేసేవారని విన్నాను" అని మూర్తిగారు చాలా మర్యాదగా నవ్వాడు. పేజీలు తిరగేశాడు. "అన్నీ ఇందులో ఉన్నట్టే కదా? ఆయన దాచిందేమీ లేదు కదా?"

దుర్గాంబ ఆయన ముఖంలోకి చూసింది. చెప్పాల్సింది ఒకసారి చెప్పేసింది. ఆయన చెవిన పడలేదు.

"ఏదీ దాయలేదండి. నాను సెప్పిన లెక్క సెప్పినట్టే రాసినాడు."

"అంతకంటే ఏం కావాలి" అన్నాడు మూర్తిగారు, పుస్తకం చంకలో పెట్టుకుని. మిషను కట్టలేదేమని అటు చూశాడు.

"మిషను ఇవ్వనండి."

"వదినా, మాటిచ్చేసినాం గదా" అన్నాడు మంగరాజు.

"నువ్విచ్చినావు. నన్నడిగితే నాను సరే అన్నాను, నిజమే. ఇప్పుడు అనను."

మూర్తిగారు నొచ్చుకోలేదు. మోటారు మిషను తనకుంది, అసలు కావలసింది పుస్తకమే అన్నాడు. దణ్ణం పెట్టి తన కారెక్కి వెళ్లిపోయాడు. మంగరాజు మాత్రం అక్కడే నిలబడ్డాడు, పెట్టెల బండి వైపూ వదిన వైపూ మార్చి మార్చి చూస్తూ. "మరిప్పుడు నువ్వేటి సేత్తావు?"

"సుడతాను."

"అన్నయ్య పని నువ్వు..." అంటూ బల్ల మీది గిటార్ల చీటీలు చూశాడు. ఒకటి తిప్పి చదివాడు. రెండోది కూడా చదివాడు. శుక్రవారం తను కళ్లకద్దుకున్న కాయిలు గుర్తొచ్చిందో ఏమో, తలెత్తలేకపోయాడు. "ఆ కాయిలు నువ్వేనా వదినా?" అన్నాడు.

"నానే. ఊఁ అనడం నాదే తప్పు." దుర్గాంబ తెర పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. మేకులతో సహా ఊడొచ్చింది. "నీ కొట్టు నీదే బాబూ, నిన్ను ఎల్లిపోమనను. బేటరీలు ఎనక పెట్టు. నాను ముందుకొస్తాను. ఆ చివర పట్టుకో."

మంగరాజు వంగి మిషను రెండో చివర పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని గుమ్మం పక్కకు, రోడ్డు మీద పోయేవాళ్లకు కనబడే చోటికి మోశారు. అతను పెట్టెలు ఒక్కొక్కటే లోపలికి చేరవేస్తుంటే, ఆవిడ స్టూలు సర్దుకుని, సత్తు గిన్నె ఖాళీ చేసి, చింతగింజల డబ్బా మూత తీసింది. సరైన లెక్క ఇప్పుడు తెలుసు. దిద్దుకోవాలంటే దిద్దుకోవచ్చు.

తీగను ఉన్ని ముక్కలోంచి పోనిచ్చి, వేళ్ల మధ్య అది జారడం తెలిసేదాకా ఆగింది. తర్వాత పిడి పట్టుకుని మొదటి చుట్టు తిప్పింది.

"లాబం" అంది, రోడ్డు మీదికి వినబడేలా.